చర్మం చెప్పే కబురు: ఆవశ్యక కొవ్వు ఆమ్లాల లోపాన్ని గుర్తించడం ఎలా?



చలికాలం మొదలు కాగానే పిల్లల కాళ్లు బూడిద పూసినట్లు తెల్లగా తయారవుతాయి. గోటితో గీస్తే గీత పడుతుంది. ఇది మనకు కొత్త కాదు. కాని కొందరు పిల్లల మోచేతుల మీద, మోకాళ్ల మీద చెయ్యి వేసి చూడండి. ఉప్పుకాగితం మీద చెయ్యి వేసినట్లు గరగరలాడుతుంది. ఇంట్లో జేజిని అడిగితే, "చలికి వచ్చిందేలే, ఇంత నూనె రుద్దండి, అదే పోతుంది" అంటుంది. చాలాసార్లు ఆమె మాటే నిజమవుతుంది. కాని కొన్నిసార్లు ఆ నూనె పడవలసింది ఒంటి మీద కాదు, కంచంలో. ఏది ఏ సందర్భమో తెలుసుకోవడం ఎలాగన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

రాయచూరు నుంచి మంత్రాలయం వెళ్లే దారిలోని గిల్లేసూగూరు, దాని చుట్టుపక్కల ఊళ్లను మనసులో పెట్టుకుని ఈ నాలుగు మాటలు చెబుతున్నాను. ఒక ఇంట్లో కన్నడం, పక్కింట్లో తెలుగు వినిపించే ఊళ్లు ఇవి. కాబట్టి గింజల పేర్లు రెండు భాషల్లోనూ చెబుతాను.

ముందుగా, ఆవశ్యక కొవ్వు ఆమ్లాలంటే ఏమిటి? మనం తినే నూనెలు, కొవ్వులు అన్నీ కొవ్వు ఆమ్లాలనే చిన్న చిన్న భాగాలతో తయారవుతాయి. వీటిలో చాలావాటిని మన శరీరమే పిండి పదార్థాల నుంచి తయారు చేసుకోగలదు. కాని రెండింటిని మాత్రం తయారు చేసుకోలేదు. ఒకటి లినోలెయిక్ ఆమ్లం. రెండోది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. పేర్లు కొంచెం దగ్గరగా ఉన్నా ఇవి రెండూ వేరు. మొదటిది ఒమేగా-6 జాతికి, రెండోది ఒమేగా-3 జాతికి చెందినవి. ఆహారంలో అందితేనే ఇవి మనకు ఉంటాయి. అందుకే వీటిని ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు అన్నారు.

ఈ సంగతి బయటపడింది 1929లో. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని ఆహారం పెట్టి చూశారు. మిగతా పోషకాలన్నీ ఇచ్చారు. అయినా ఎలుకల తోకల మీద పొలుసులు లేచాయి. పెరుగుదల ఆగిపోయింది. మామూలు కంటే ఎక్కువ నీళ్లు తాగసాగాయి. ఆహారంలో కొద్దిగా నూనె చేర్చేసరికి తిరిగి కోలుకున్నాయి. లినోలెయిక్ ఆమ్లం ప్రాణాధారమని మరుసటి సంవత్సరం వారే ప్రకటించారు.

ఎలుకలు నీళ్లు ఎక్కువగా ఎందుకు తాగాయి? మన ప్రాంతంలో మట్టి మిద్దెలు చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. మిద్దె మీద చౌడు మట్టి పరుస్తారు. వాన నీరు లోపలికి దిగకుండా ఆపేది ఆ చౌడే. ఏటేటా కొత్త చౌడు వెయ్యకపోతే మిద్దె కారుతుంది. మన చర్మం పైపొరలో కణాల మధ్య పరచుకుని ఉండే కొవ్వు పొర కూడా అలాంటిదే. అయితే ఇది బయటి నీటిని లోపలికి రాకుండా ఆపడం కంటే, లోపలి నీటిని బయటికి పోకుండా ఆపడం ముఖ్యం. ఆ పొర తయారీకి లినోలెయిక్ ఆమ్లం కావాలి. అది లేకపోతే చర్మంలో నుంచి నీరు కనిపించకుండా ఆవిరైపోతుంది. చర్మం ఎండి పొలుసులు లేస్తుంది. దాహం పెరుగుతుంది. అందుకే ఈ లోపం కబురు ముందుగా చెప్పేది చర్మం.

ఇక మన దేశంలో జరిగిన పరిశోధన గురించి రెండు మాటలు. 1933లో సింహళంలో పనిచేస్తున్న నికోల్స్ అనే వైద్యుడు చర్మం మీద ముళ్లలా లేచే పొక్కులను వర్ణించి, దానికి ఫ్రైనోడెర్మా అని పేరు పెట్టారు. గోండ్రుకప్ప చర్మం అని ఆ మాటకు అర్థం. అది విటమిన్-ఏ లోపం వల్ల వస్తుందని చాలాకాలం అనుకున్నారు. తరువాత మన శాస్త్రజ్ఞులు దీన్ని మళ్లీ పరీక్షకు పెట్టారు. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి ఇంగ్లండులో సింక్లెయిర్‌తో కలిసి, ఈ చర్మపు గరుకుకు విటమిన్-ఏ లోపంతోనూ, ఆవశ్యక కొవ్వు ఆమ్లాల లోపంతోనూ ఉన్న సంబంధాన్ని ఎలుకల్లో పరిశీలించి 1953లో ప్రచురించారు. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, అంటే నేటి జాతీయ పోషకాహార సంస్థ, ఈ పనిని కొనసాగించింది. అక్కడ భట్, బెళవాడి అనే శాస్త్రజ్ఞులు ఫ్రైనోడెర్మా రోగుల రక్తంలోని కొవ్వు ఆమ్లాలను కొలిచి 1967లో ఫలితాలు వెల్లడించారు.

వీటన్నిటి నుంచి తేలిన సారాంశం ఇది. ఈ ముళ్ల చర్మానికి ఒక్కటే కారణం చెప్పలేము. ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు తగ్గడం, బి-కాంప్లెక్స్, విటమిన్-ఈ, కొందరిలో విటమిన్-ఏ తగ్గడం, వీటికి తోడు మోచేతులు, మోకాళ్లు నేలకు ఒరుసుకోవడం, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. ఏమైనా ఇది కనిపించిందంటే పిల్లవాడి భోజనంలో ఏదో కొరత ఉందేమోనని అనుమానించాలి.

సరే, గుర్తించడం ఎలా? వయసును బట్టి చూద్దాం.

చంటిబిడ్డల్లో చర్మం పొడిగా, పలుచగా మారి పొలుసులు లేస్తుంది. పిరుదుల దగ్గర, మడతల్లో ఎర్రగా ఒరిసిపోయినట్లు ఉంటుంది. జుట్టు పలచబడుతుంది. పాలు తాగుతున్నా బరువు పెరగదు. తరచుగా జబ్బు పడుతుంటుంది. అమెరికాలో ఆరిల్డ్ హాన్సెన్ అనే వైద్యుడు నాలుగు వందల మందికి పైగా పసిపిల్లలను వేర్వేరు పాల మిశ్రమాల మీద పరిశీలించి 1963లో నివేదిక ఇచ్చారు. వెన్న తీసిన పాలతో, లినోలెయిక్ ఆమ్లం దాదాపు లేని మిశ్రమం తాగిన బిడ్డల్లో ఈ గుర్తులే కనిపించాయి. ఆ ఆమ్లాన్ని చేర్చగానే చర్మం బాగుపడింది.

బడికి వెళ్లే పిల్లల్లో, ముఖ్యంగా అయిదు నుంచి పదిహేనేళ్ల మధ్య, ఇందాక చెప్పిన ముళ్ల చర్మం వస్తుంది. మొదట మోచేతుల వెనుక, తరువాత మోకాళ్లు, తొడలు, పిరుదుల మీద ఆవగింజంత పొక్కులు గుంపులుగా లేస్తాయి. ఒక్కొక్క పొక్కు వెంట్రుక కుదురు దగ్గరే ఉంటుంది. మధ్యలో గట్టి బిరడా వంటిది ఉంటుంది. సాధారణంగా పెద్దగా దురద ఉండదు. చీము ఉండదు. రెండు పక్కలా ఒకేలా ఉంటుంది.

పెద్దవారిలో పొడి చర్మం, పొలుసులు, జుట్టు రాలడం, గాయాలు త్వరగా మానకపోవడం ప్రధాన గుర్తులు. లోపం ముదిరితే రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు, కాలేయంలో కొవ్వు చేరవచ్చు.

ఇవన్నీ ఒమేగా-6 లోపం గుర్తులు. ఒమేగా-3 లోపం చర్మం మీద కంటే నరాల మీద కనిపిస్తుంది. దీనికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. అమెరికాలో ఆరేళ్ల పాప కడుపులో తుపాకి గుండు దిగి పేగులు చాలావరకు తీసేయవలసి వచ్చింది. నెలల తరబడి ఆమెకు ఆహారాన్ని రక్తనాళం ద్వారానే ఎక్కించారు. అందులో కొవ్వుగా కుసుమ నూనె ద్రావణం వాడారు. కుసుమ నూనెలో ఒమేగా-6 పుష్కలం, ఒమేగా-3 దాదాపు శూన్యం. కొన్ని నెలలకు పాపకు తిమ్మిర్లు, కాళ్ల నొప్పులు, నడవలేకపోవడం, చూపు మసకబారడం మొదలైనాయి. సోయా నూనె ద్రావణానికి మార్చగానే ఆ లక్షణాలు పోయాయి. రాల్ఫ్ హోల్మన్ అనే శాస్త్రజ్ఞుడు 1982లో దీన్ని ప్రచురించారు. ఒక్క నూనెనే నమ్ముకోకూడదని ఈ ఉదంతం మనకు చెబుతుంది.

శ్రోతలారా, ఇక్కడ ఒక హెచ్చరిక. గరుకు చర్మం కనబడగానే ఇదే లోపమని తీర్మానించకూడదు. దీనిలా కనిపించే జబ్బులు చాలా ఉన్నాయి.

రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర పొక్కులుండి, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే అది గజ్జి. దానికి నూనె కాదు, ఇంటిల్లిపాదికీ మందు కావాలి. గుండ్రంగా అంచు లేచి పాకుతుంటే తామర. పుట్టినప్పటి నుంచి చేప పొలుసుల్లా ఉంటే అది వంశపారంపర్యంగా వచ్చే చర్మ లక్షణం కావచ్చు. ఆరోగ్యంగా, బొద్దుగా ఉన్న యువతీయువకుల్లో భుజాల కింద మాత్రమే చిన్న పొక్కులుంటే సాధారణంగా భయపడనక్కర లేదు. చర్మం పొడిబారడంతో పాటు బద్ధకం, బరువు పెరగడం, చలికి ఓర్వలేకపోవడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కనిపిస్తే ఆలస్యం చేయక కుష్ఠువ్యాధి పరీక్ష చేయించాలి. అది మందులతో పూర్తిగా నయమవుతుంది.

జొన్న తినే మన ప్రాంతం వారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. దాని పేరు పెల్లగ్రా. నియాసిన్ అనే బి-విటమిను లోపం వల్ల వస్తుంది. జొన్నే ముఖ్యాహారంగా తినే దక్కను పేదల్లో ఇది ఎందుకు వస్తుందన్నదాన్ని డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతయ్య హైదరాబాదులో పరిశోధించి 1960లో ప్రకటించారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండడం ఒక కారణమని వారు భావించారు. పెల్లగ్రాలో ఎండ తగిలే చోట్ల, అంటే మెడ చుట్టూ, చేతుల వెనుక, పాదాల మీద చర్మం నల్లబడి మందంగా అవుతుంది. నాలుక ఎర్రగా మండుతుంది, విరేచనాలవుతాయి. ముళ్ల చర్మం అలా కాదు. బట్టల కింద ఉండే తొడలు, పిరుదుల మీద కూడా వస్తుంది.

కళ్లు కూడా చూడండి. మసక చీకట్లో పిల్లవాడు తడుముకుంటున్నా, కంటి తెల్లగుడ్డు మీద నురగ వంటి మచ్చ ఉన్నా విటమిన్-ఏ లోపం ఉన్నట్లు. అది చూపునే పోగొట్టగలదు. ఆ బిడ్డను ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.

ఈ లోపం ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువ? మామూలుగా కడుపునిండా తినే పెద్దవారికి అరుదు. ఎందుకంటే నూనె అంటూ వెయ్యకపోయినా ధాన్యాల్లో, పప్పుల్లో కంటికి కనిపించని కొవ్వు కొంత ఉంటుంది. మూడు వందల గ్రాముల జొన్నల్లో సుమారు రెండు గ్రాముల లినోలెయిక్ ఆమ్లం దొరుకుతుంది. అదే మూడు వందల గ్రాముల పాలిష్ పట్టిన బియ్యంలో అర గ్రాము దొరకడం కష్టం. తుంగభద్ర కాలువ నీళ్లు వచ్చాక, రేషను బియ్యం వచ్చాక మన ఇళ్లలో రొట్టె తగ్గి అన్నం పెరిగింది. అన్నం మంచిదే. కాని రొట్టెతో పాటు వచ్చిన ఆ కనిపించని కొవ్వు కూడా తగ్గిందని గుర్తుంచుకోవాలి.

జాగ్రత్త పడవలసినవారు వీరు. తల్లిపాలు లేక, నీళ్లు కలిపిన పాలు, పలుచని సగ్గుబియ్యం జావ మీద పెరిగే చంటిబిడ్డలు. నెలలు నిండకుండా పుట్టినవారు. బాగా చిక్కిపోయిన పిల్లలు. ఎడతెగని విరేచనాలున్నవారు. క్లోమం, పిత్తనాళం జబ్బులున్నవారు, పేగులు కొంత తీసేసినవారు. వీరికి తిన్న కొవ్వు వంటబట్టదు. మలం తెల్లగా, జిడ్డుగా, దుర్వాసనతో ఉండి నీళ్లు పోస్తే తేలికగా పోకపోవడం దీనికి గుర్తు. వీరే కాక, ఈ మధ్య గుండెకు మంచిదని, బరువు తగ్గుతుందని నూనెను పూర్తిగా మానేసి ఇంట్లో పిల్లలకు కూడా మాన్పించేవారున్నారు. పెద్దలు నూనె తగ్గించుకోవడం వేరు, ఎదిగే పిల్లల కంచంలో నూనె లేకుండా చేయడం వేరు.

ఎంత కావాలి? రోజుకు రెండు వేల కేలరీలు తినే మనిషికి అయిదారు గ్రాముల లినోలెయిక్ ఆమ్లం, ఒక గ్రాము పైన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉంటే లోపం రాదు. ఇది ఏ నూనెలో ఎంత? నూరు గ్రాముల కుసుమ నూనెలో, కన్నడంలో కుసుబె అంటారు, సుమారు 75 గ్రాముల లినోలెయిక్ ఆమ్లం ఉంటుంది. పొద్దుతిరుగుడులో 60 దాకా, పత్తిగింజల నూనెలో 50, నువ్వుల నూనెలో 40, వేరుశనగ నూనెలో 25 నుంచి 30 గ్రాములు ఉంటుంది. పామాయిలులో పదే. నేతిలో, కొబ్బరి నూనెలో రెండు మూడుకు మించదు. పామాయిలు తప్ప వేరే నూనె కొనలేని ఇంట్లో వేరుశనగ పప్పులు, నువ్వులు పొడి చేసి పెట్టినా ఆ లోటు కొంత తీరుతుంది.

ఒమేగా-3 కోసం దూరం వెళ్లనక్కర లేదు. ఈ ప్రాంతపు రొట్టె పక్కన ఎప్పటి నుంచో ఉన్న అవిసె గింజల పొడే చాలు. కన్నడంలో అగసె అంటారు. ఆకు కూరకు వాడే అవిసె చెట్టు వేరు, ఇది వేరు. ఒక చెంచా, అంటే అయిదు గ్రాముల అవిసె పొడిలో సుమారు ఒక గ్రాము ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉంటుంది. దాదాపు ఒక రోజు అవసరం తీరినట్లే. గింజలను అలాగే మింగితే అరగవు, పొడి చేయాలి. ఎక్కువ రోజులు నిలవ ఉంటే చిక్కువాసన వస్తుంది కనుక కొద్ది కొద్దిగా వేయించి పొడి కొట్టుకోవాలి. వలిసెలు, అంటే గురెళ్ల పొడిలో లినోలెయిక్ ఆమ్లం మెండు. వేడి జొన్న రొట్టె, గురెళ్ల పొడి లేదా అవిసె పొడి, దాని మీద ఒక చెంచా నూనె, పక్కన ఇంత పుంటికూర పప్పు. మన పెద్దలు శాస్త్రం చదవకపోయినా కంచం సరిగ్గానే సర్దారు.

చంటిబిడ్డకు మొదటి ఆరు నెలలు తల్లిపాలే సరిపోతాయి. ఆ పాలలో ఈ కొవ్వు ఆమ్లాలు ఆవుపాలలో కంటే ఎక్కువగా ఉంటాయి. అయితే అవి తల్లి తిండి మీద ఆధారపడి ఉంటాయి కాబట్టి బాలింతకు నూనె, గింజలు మాన్పించే పత్యం మంచిది కాదు. ఆరు నెలలు నిండాక బిడ్డకు పెట్టే మెత్తని అన్నం పప్పులో అర చెంచా నూనె కలపండి. ముద్ద మెత్తబడుతుంది, బలమూ పెరుగుతుంది.

మంచిదన్నారు కదా అని ఎక్కువ వాడడమూ తప్పే. పెద్దవారికి వారి పనిని బట్టి రోజుకు 20 నుంచి 40 గ్రాముల నూనె సరిపోతుంది. గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారు ఎంత వాడాలో వైద్యుని అడగాలి. వాడిన నూనెను మళ్లీ మళ్లీ కాచకూడదు.

మరి ఒంటికి నూనె రాయడం వృథాయేనా? కాదు. చర్మం మెత్తబడుతుంది, కొంత నూనె చర్మం లోపలికి ఇంకుతుంది కూడా. కాని ఎదుగుదలకు, గాయాలు మానడానికి, నరాలకు కావలసినది నోటి ద్వారానే అందాలి. బయట రుద్ది లోపల మరచిపోతే మిద్దెకు సున్నం కొట్టి చౌడు వేయడం మానినట్లే.

వైద్యుని దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి? బిడ్డ బరువు పెరగకపోయినా, కాళ్లు వాచినా, విరేచనాలు రెండు వారాలు దాటినా, చర్మం ఊడి రసి కారుతున్నా, తిమ్మిర్లు, నడక తేడా కనిపించినా ఆగకూడదు. మొదట అంగన్వాడీలో బిడ్డను తూకం వేయించండి. తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. అవసరమైతే వారే రాయచూరు పెద్దాసుపత్రికి పంపుతారు. రక్తంలో కొవ్వు ఆమ్లాలను కొలిచే పరీక్ష ఉన్నది కాని అది అన్ని చోట్లా దొరకదు. అందువల్ల బిడ్డ ఏం తింటున్నాడో తల్లి చెప్పే మాటే వైద్యునికి పెద్ద ఆధారం. వారం రోజుల తిండి గుర్తు పెట్టుకుని వెళ్లండి. చికిత్స మొదలుపెట్టాక చర్మం నునుపు తేలడానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. పది రోజులకే విసిగి మానేయకండి.

కాబట్టి శ్రోతలారా, ఈ ఆదివారం పిల్లలకు తలంటు పోసేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, మోచేతులు, మోకాళ్లు, తొడలు తడిమి చూడండి. కళ్లు చూడండి. గరుకు తగిలితే గాభరా పడకండి, అలాగని చలికి అని తోసిపారేయకండి. ముందు ఆ బిడ్డ కంచంలో నూనె, గింజలు, పప్పు, ఆకుకూర ఉన్నాయో లేవో చూసుకోండి. తరువాత ఆరోగ్య కేంద్రంలో చూపించండి.